లైసెన్స్‌కి వెళ్లేటప్పుడు ఏమేం పట్టుకెళ్లాలి? ఎల్‌ఎల్‌ఆర్ రోజు, డ్రైవింగ్ టెస్టు రోజు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీకు 21 ఏళ్లు, అమ్మగారికి 46. ఉప్పల్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఆమె ఆధార్ మాత్రం ఇంకా నల్గొండ చిరునామా మీదే ఉంది. మీరు బైకు, కారు రెండింటికీ, ఆవిడ స్కూటీకీ లైసెన్స్ తీసుకోవాలనుకుంటున్నారు. ఒకరేమో ఆధార్ ఒక్కటే చాలన్నారు, ఇంకొకరు పది కాగితాల పేర్లు చెప్పారు. ఆఫీసు బయట కలిసిన ఏజెంటు "ఇవన్నీ మీకెందుకు, నేను చూసుకుంటా" అన్నాడు. ఇంతకీ ఏం తీసుకెళ్లాలి?

నేను హైదరాబాద్‌లో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, అందులోనూ మీ అమ్మగారి వయసువాళ్లు చాలామంది. నేర్పడంతోపాటు టెస్టుకి వాళ్లను దగ్గరుండి తీసుకెళ్తాను కాబట్టి, కౌంటర్ దగ్గర ఎవరు ఎందుకు ఆగిపోతారో చూస్తూనే ఉంటాను.

ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్స్, తీసుకునే రోజు మీకు కావలసినవి: స్లాట్ బుక్ చేసినప్పుడు వచ్చిన కాగితం, ఫీజు రసీదు, నింపి సంతకం చేసిన ఫారం 1 (ఆరోగ్య ప్రకటన), ఫారం 2 (దరఖాస్తు), ఆధార్ ఒరిజినల్, పుట్టిన తేదీ కోసం పదో తరగతి మెమో ఒరిజినల్, వీటన్నిటి జిరాక్స్‌లు, రెండు మూడు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. అమ్మగారికి 40 దాటాయి కాబట్టి వీటికి తోడు ఫారం 1ఎ, అంటే డాక్టర్ సర్టిఫికెట్ కూడా.

డ్రైవింగ్ టెస్టు రోజు: ఎల్‌ఎల్‌ఆర్, టెస్టు స్లాట్ కాగితం, ఆధార్, మీరు ఏ తరగతికి దరఖాస్తు చేశారో ఆ తరగతి బండి, దాని ఆర్‌సీ, గడువు తీరని ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, హెల్మెట్, బండితోపాటు రావడానికి లైసెన్స్ ఉన్న మనిషి.

ఇవి పెద్ద కష్టమైనవేమీ కావు. దాదాపు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. కానీ నేను చూసినంతవరకు జనం వెనక్కి రావడానికి అసలు కారణం కాగితం లేకపోవడం కాదు, ఉన్న కాగితాలకు ఒకదానితో ఒకటి పొంతన లేకపోవడం. ఆధార్‌లో ఒక పేరు, మెమోలో ఇంకో పేరు. ఒకదాంట్లో ఒక పుట్టిన తేదీ, రెండోదాంట్లో ఇంకోటి. అందుకే స్లాట్ బుక్ చేయకముందే ఒక పని చేయండి. ఇద్దరి కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పరిచి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఒక్కో అక్షరం చదివి చూసుకోండి. మీరు ఫారంలో ఏది టైపు చేస్తారో అదే కార్డు మీదికి వెళ్తుంది.

పేరు సంగతి

మన దగ్గర ఇది పెద్ద చిక్కు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో అది ఒక్క అక్షరంగా కుదించుకుపోయి, ఒక్కోసారి పేరు చివరికి వెళ్లిపోతుంది. ఇంటిపేరు అక్షరం వెనక్కీ ముందుకీ మారడాన్ని చాలా కౌంటర్లలో పట్టించుకోరు. కానీ స్పెల్లింగే వేరైతే, అంటే ఒకదాంట్లో లక్ష్మి అని, ఇంకోదాంట్లో విజయలక్ష్మి అని ఉంటే ఆపుతారు. ఆపడంలో తప్పు కూడా లేదు. ఆ ఇద్దరూ ఒకరేనని వాళ్లకెలా తెలుస్తుంది?

అమ్మగారి విషయంలో ఇంకోటి చూడండి. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు పెట్టించుకుని ఉంటారు. మెమోలో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. మా దగ్గర నేర్చుకున్న ఒక టీచర్‌కి ఇదే జరిగింది. రాత పరీక్షకి బాగా చదువుకుంది, కానీ కౌంటర్ దగ్గర "ఈ రెండు పేర్లూ మీవేనని ఏది రుజువు?" అని అడిగేసరికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. తర్వాత పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకెళ్తే పని అయిపోయింది. ఆ సర్టిఫికెట్ లేనివాళ్లు రెండు పేర్లూ రాసి, రెండూ తనవేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఏ పేరుతో లైసెన్స్ కావాలో ముందే నిర్ణయించుకుని అఫిడవిట్‌లో ఆ పేరును స్పష్టంగా రాయించండి.

నా సలహా అడిగితే, పాస్‌పోర్ట్ ఉంటే దానిలో పేరు ఎలా ఉందో లైసెన్స్‌లోనూ అలాగే ఉండేటట్టు చూసుకోండి. ఇది మీకు కూడా. రేపు చదువుకో ఉద్యోగానికో బయటి దేశం వెళ్తే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటారు. దానికి మీ లైసెన్స్, పాస్‌పోర్ట్, వీసా మూడూ చూపించాలి. పేర్లు కలవకపోతే విమానం ఎక్కే హడావిడిలో మళ్లీ ఆర్‌టీఏ చుట్టూ తిరగాలి. ఆ పర్మిట్ ఇచ్చేది ఏడాదికే, దాన్ని ఎప్పుడూ ఇక్కడి అసలు లైసెన్స్‌తో కలిపే చూపించాలి. కాబట్టి వెళ్లేటప్పుడు కార్డు ఇంట్లో వదిలి వెళ్లకండి.

పుట్టిన తేదీ

మీకు పదో తరగతి మెమో ఉంది, సమస్య లేదు. అమ్మగారి ఆధార్ తీసి చూడండి. పాత ఆధార్ కార్డులు చాలావాటిలో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది, తేదీ, నెల ఉండవు. ఇంకొందరికి నమోదు చేసినప్పుడు తేదీ తెలియక జనవరి 1 అని వేసి ఉంటారు. మెమోలో జూన్‌లో ఏదో తేదీ ఉంటుంది. "ఆధార్ ఒక్కటే చాలు" అన్నవాళ్ల మాట పూర్తి తేదీ, సరైన చిరునామా ఉన్న కార్డుకి దాదాపు నిజమే. అందరికీ కాదు.

తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోవడమే మంచిది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు, పేరునైతే రెండుసార్లు. అందుకని సెంటర్‌కి వెళ్లేముందే మెమో ప్రకారం ఏది సరైనదో తేల్చుకుని వెళ్లండి, తొందరపడి ఆ అవకాశం పోగొట్టుకోవద్దు. అమ్మగారు పదో తరగతి పూర్తి చేయకపోతే చదివిన స్కూలు ఇచ్చే సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ వంటివి వయసు రుజువుగా పనికొస్తాయి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఎల్‌ఐసీ పాలసీ పేరు కూడా ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

చిరునామా, అద్దె ఇల్లు

మీ విషయంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. 2019లో చట్టం సవరించాక, మనం నివసించే రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ అధికారి దగ్గరైనా దరఖాస్తు చేసుకోవచ్చని చట్టంలో రాశారు. కానీ అసలు ఇబ్బంది కార్డు ఎక్కడికి వస్తుందన్నది. లైసెన్స్ కార్డు స్పీడ్ పోస్టులో చిరునామాకి వస్తుంది. చేతికి ఇవ్వరు. నల్గొండ ఇంటికి వెళ్తే, అక్కడ తీసుకునేవాళ్లు లేకపోతే తిరిగి ఆఫీసుకే వెళ్లిపోతుంది. తర్వాత దాన్ని వెతికి పట్టుకోవడం పెద్ద పని.

ఉప్పల్‌లో ఇంకొన్నేళ్లు ఉంటామని మీకు నమ్మకం ఉంటే అమ్మగారి ఆధార్ చిరునామా ముందు మార్పించండి. చిరునామా మార్పు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, సెంటర్‌కి వెళ్లక్కర్లేదు. అది అప్‌డేట్ అయ్యాకే స్లాట్ బుక్ చేయండి. అలా కాకుండా నల్గొండలో సొంత ఇల్లు ఉంది, తాతగారో బామ్మగారో అక్కడే ఉన్నారు అంటే, ఆ చిరునామాతో అక్కడి ఆఫీసులోనే తీసుకోవడం ఇంకా సులువు. జిల్లా కేంద్రాల్లో రద్దీ కూడా నగరంలో ఉన్నంత ఉండదు. ఎల్‌ఎల్‌ఆర్‌కి ఒకసారి, టెస్టుకి ఒకసారి వెళ్లి రావాలి. ఆ ప్రయాణం కుదురుతుందో లేదో మీరే చూసుకోండి.

అద్దె ఒప్పందం ఒక్కదాన్ని నమ్ముకుని మాత్రం వెళ్లకండి. ఒకచోట ఒప్పుకున్నారు, ఇంకోచోట రిజిస్టర్ చేసిందే కావాలన్నారు, మరోచోట దానితోపాటు ఇంకో రుజువు అడిగారు. ఆధార్ సరిగ్గా ఉంటే ఈ గొడవే ఉండదు.

ఫారం 1, ఫారం 1ఎ

ఫారం 1 అంటే నా ఆరోగ్యం బండి నడపడానికి సరిపోతుందని మనమే సంతకం పెట్టి ఇచ్చే ప్రకటన. చాలామంది చదవకుండానే టిక్కులు పెట్టేస్తారు. దయచేసి చదవండి. మూర్ఛ, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉన్నాయా, ఎరుపు ఆకుపచ్చ రంగులు తేడా తెలుస్తాయా, రేచీకటి ఉందా అని అడుగుతుంది. 25 మీటర్ల దూరంలో ఉన్న బండి నంబరు ప్లేటు, కళ్లజోడు వాడేవాళ్లయితే కళ్లజోడుతో, పగటి వెలుతురులో చదవగలరా అని కూడా ఉంటుంది. ఇది రోడ్డు మీద మీ ప్రాణానికీ ఎదుటివాళ్ల ప్రాణానికీ సంబంధించిన ప్రశ్న. ఇంటి ముందు నిలబడి వీధి చివర ఆగిన బండి నంబరు చదివించి చూడండి. అమ్మగారికి కష్టమైతే ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, లైసెన్స్ సంగతి తర్వాత. కళ్లజోడు ఉంటే ఎల్‌ఎల్‌ఆర్ రోజూ, టెస్టు రోజూ తప్పకుండా పెట్టుకుని రావాలి. దగ్గరి చూపు అద్దాలు వేరే, దూరపు చూపువి వేరే అయితే రెండూ సంచిలో పెట్టండి. కంప్యూటర్ ముందు ప్రశ్నలు చదవడానికి ఒకటి కావాలి, ట్రాక్ మీద ఇంకోటి.

ఫారం 1ఎ డాక్టర్ ఇచ్చేది. ఫొటో అతికించి, దాని మీదికి వచ్చేలా సంతకం, ముద్ర, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఫారంలో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని ఉంటుంది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అని పిలిచే ఆయన ఆ ప్రాక్టీషనర్ కాదు. మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన ఎంబీబీఎస్ డాక్టర్ కావాలి. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్ దగ్గర తీసుకుంటే ఇక ఏ ప్రశ్నా రాదు. ఆఫీసు గేటు దగ్గర మనిషిని చూడకుండానే ముద్ర వేసి ఇచ్చేవి దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లకండి. 40 దాటాక చూపు, బీపీ, షుగరు ఒకసారి నిజంగా చూపించుకోవడం అమ్మగారికే మేలు.

ఫారం 2లో రెండు గళ్లు ఉన్నాయి. వాటిని క్యూలో నిలబడి నింపొద్దు. ఒకటి బ్లడ్ గ్రూప్. "ఓ పాజిటివే అయ్యుంటుందిలే" అని ఊహించి రాసేవాళ్లను చూశాను. అది కార్డు మీద అచ్చవుతుంది, దగ్గర్లో ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుని రిపోర్టు చూసి రాయండి. రెండోది ప్రమాదంలో మరణిస్తే అవయవదానానికి సమ్మతమా అన్న ప్రశ్న. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ అనే అవయవదాన కార్యక్రమం నడుస్తోంది. ఇది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. అవునన్నా కాదన్నా మీ ఇష్టం, కానీ మీ నిర్ణయం ఇంట్లోవాళ్లకి తెలిసి ఉండాలి. తీరా ఆ సమయం వస్తే డాక్టర్లు అడిగేది వాళ్లనే.

ఫోను

కాగితాల జాబితాల్లో ఇది ఎవరూ రాయరు. దరఖాస్తులో ఇచ్చిన నంబరు, ఆధార్‌కి కలిపిన నంబరు ఉన్న ఫోను ఆ రోజు మీ చేతిలో ఉండాలి, చార్జింగ్‌తో. ఎప్పుడు ఓటీపీ అడుగుతారో తెలియదు. ఇంట్లో ఆడవాళ్ల ఆధార్‌కి భర్త నంబరో కొడుకు నంబరో ఉంటుంది, ఆయన ఆఫీసు మీటింగ్‌లో ఫోను ఎత్తరు, ఈవిడ కౌంటర్ దగ్గర టెన్షన్ పడుతూ నిలబడుతుంది. అమ్మగారి నంబరునే ఆధార్‌కి కలిపించండి. లైసెన్స్‌కే కాదు, బ్యాంకు పనికీ పెన్షన్ పనికీ పనికొస్తుంది.

డిజిలాకర్‌లో కాగితాలున్నా ఎల్‌ఎల్‌ఆర్, టెస్టు రోజుల్లో ఒరిజినల్స్ చేతిలో ఉంచుకోండి. సర్వర్ నెమ్మదిగా ఉన్న రోజు ఫోను చూపిస్తూ నిలబడటం వృథా. ఒరిజినల్స్ చూసి మీకే తిరిగి ఇచ్చేస్తారు, జిరాక్స్‌లు మాత్రమే తీసుకుంటారు. జిరాక్స్‌ల మీద మీరే సంతకం పెట్టి ఉంచండి. ఒక సెట్టు ఎక్కువ తీసుకుంటే బయట జిరాక్స్ షాపు కోసం పరుగెత్తాల్సిన పని ఉండదు.

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష

కంప్యూటర్ మీద 20 ప్రశ్నలు వస్తాయి, 12 సరిగ్గా చెప్తే పాస్. భాష తెలుగు ఎంచుకోవచ్చు. అమ్మగారికి ఈ మాట ముందే చెప్పండి, సగం భయం పోతుంది. గుండ్రంగా ఉన్న గుర్తులు తప్పక పాటించాల్సినవి, త్రికోణంలో ఉన్నవి హెచ్చరికలు, దీర్ఘచతురస్రంలో ఉన్నవి సమాచారం ఇచ్చేవి. ఇది పట్టుకుంటే గుర్తుల ప్రశ్నలు చాలావరకు వచ్చేస్తాయి.

పరీక్షకి ముందో తర్వాతో ఫొటో తీసి, సంతకం తీసుకుంటారు. ఆ సమయంలో స్క్రీన్ మీద మీ పేరు, తండ్రి పేరు, తేదీ ఒకసారి చదువుకోండి. తప్పుంటే అక్కడే చెప్పండి. అడగడానికి మొహమాటపడకండి. కార్డు అచ్చయ్యాక మార్చాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు.

డ్రైవింగ్ టెస్టుకి బండి

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఇచ్చిన రోజు నుంచి 30 రోజులు నిండాకే టెస్టుకి వెళ్లగలరు. ఆరు నెలలు దాటితే మళ్లీ మొదటి నుంచి. చివరి వారం దాకా ఆగొద్దు. ఫెయిలయితే మళ్లీ ప్రయత్నించడానికి కనీసం ఏడు రోజుల ఎడం ఉండాలి, మూడుసార్లు ఫెయిలయితే 60 రోజులు ఆగాలి.

అమ్మగారి విషయంలో దరఖాస్తు చేసేటప్పుడే ఒకటి చూసుకోండి. స్కూటీ అంటే గేర్ లేని మోటార్ సైకిల్ తరగతి. చాలామంది పెద్దది తీసుకుంటే మంచిదేమో అని గేర్ ఉన్నదానికి టిక్కు పెడతారు, టెస్టుకి యాక్టివా వేసుకుని వస్తారు. గేర్ ఉన్న తరగతికి గేర్ ఉన్న బండి మీదే టెస్టు ఇవ్వాలి. అప్పటికప్పుడు ఎవరిదో తెలియని బైకు అడుక్కుని నడిపితే ఏమవుతుందో మీరే ఊహించండి. ఆవిడ నడిపేది స్కూటీ ఒక్కటే అయితే ఆ తరగతికే పెట్టండి. మీరు మాత్రం బైకు, కారు రెండూ ఒకే దరఖాస్తులో పెట్టుకోవచ్చు. టెస్టు రోజు రెండు బండ్లూ అక్కడ ఉండాలి.

బండి కాగితాల్లో ఎక్కువగా దెబ్బతీసేది ఇన్సూరెన్స్. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్లు ఒకేసారి ఇస్తారు, సొంత డ్యామేజీ భాగం మాత్రం ఏడాదికోసారి రెన్యువల్ అవుతుంది. ఈ రెండు తేదీలు కలిసిపోయి, ఏది ఎప్పుడు అయిపోయిందో చాలామందికి తెలియదు. పాలసీ కాగితం ప్రింటు తీసి, థర్డ్ పార్టీ తేదీ కింద గీత గీసి పెట్టుకోండి. మా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి వాళ్ల బాబాయి కారు తెచ్చాడు. కారు కడిగి మెరిసిపోతోంది, ఇన్సూరెన్స్ మాత్రం అంతకు ముందే అయిపోయింది. ఆ రోజు స్లాట్ పోయింది. అరువు బండి తెస్తే కాగితాలన్నీ ముందురోజే మీ కళ్లతో చూడండి, "అన్నీ ఉన్నాయిలే" అన్న మాట మీద వెళ్లకండి. ఆర్‌సీ వేరేవాళ్ల పేరు మీద ఉన్నా ఫర్వాలేదు, వాళ్లకి తెలిసి, ఒప్పుకుని ఇచ్చిన బండి అయితే చాలు.

పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్త బండికి మొదటి ఏడాది అక్కర్లేదు, తర్వాత కావాలి. పెట్రోలు బంకు దగ్గరే చేయించుకోవచ్చు.

కాగితాలతోపాటు బండినీ చూస్తారు. రెండు పక్కల అద్దాలు, ఇండికేటర్లు, హారన్, బ్రేకు లైటు పనిచేయాలి. నంబరు ప్లేటు హై సెక్యూరిటీది ఉండాలి. కారు అద్దాలకి నల్ల ఫిల్మ్ ఉంటే తీసేయించండి. 2012లో సుప్రీంకోర్టు నిషేధించినా ఇంకా ఆ ఫిల్మ్ వేసుకుని తిరిగేవాళ్లున్నారు. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి: 18 సెంటీమీటర్ల చదరపు తెల్ల పలక మీద ఎర్ర ఎల్. చిన్న స్టిక్కర్ అతికించి సరిపెట్టొద్దు.

పక్కన మనిషి అన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు కారును ఒంటరిగా నడుపుతూ రావడం నేరం. పక్క సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. ఆయన లైసెన్స్ కూడా ఆయన దగ్గర ఉండాలి. స్కూటీ మీదైతే నేర్పే మనిషిని తప్ప ఇంకెవర్నీ వెనక ఎక్కించుకోకూడదు. మీకు పక్కా లైసెన్స్ వచ్చేదాకా అమ్మగారిని ఎక్కించుకుని మీరు, మిమ్మల్ని ఎక్కించుకుని ఆవిడ నడపొద్దు. లైసెన్స్ లేకుండా నడిపితే జరిమానా 5,000 రూపాయలు. డబ్బు ఒక ఎత్తు, ఆ దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఎదురయ్యే చిక్కు ఇంకో ఎత్తు. టెస్టుకి వచ్చే దారిలోనే ఈ నియమాలు తప్పడం నాకు అస్సలు నచ్చని సంగతి.

ట్రాక్ దగ్గర, నాగోల్ లాంటి పెద్ద ట్రాక్‌లలో, ద్విచక్ర వాహనానికి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు. కారుకి హెచ్ ఆకారంలో ముందుకీ వెనక్కీ, ఎస్ మలుపు, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదలడం ఉంటాయి. ఏ బండి మీద నేర్చుకున్నారో దాన్నే తెచ్చుకోండి. అది ఏ కాగితమూ అడగదు కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మీ కాలికి తెలిసిన కారుకీ, ఆ రోజే ఎక్కిన కారుకీ చాలా తేడా. అమ్మగారు చీర కట్టుకున్నా, చున్నీ వేసుకున్నా కొంగు గట్టిగా దోపుకుని, కాలికి పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకుని రావాలి. హెల్మెట్ ఆవిడ తలకి సరిపోయేది ఉండాలి, మీది అరువివ్వకండి. వదులు హెల్మెట్ మలుపులో కళ్ల మీదికి జారుతుంది. మంచినీళ్ల సీసా, తినడానికి ఏదైనా వెంట పెట్టుకోండి. వరుసలో ఎండలో ఆలస్యం కావచ్చు, ఖాళీ కడుపుతో చేతులు వణుకుతాయి.

డబ్బు, ఏజెంటు

ఫీజు స్లాట్ బుక్ చేసేటప్పుడే ఆన్‌లైన్‌లో కట్టేస్తారు. కేంద్ర నియమాల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కి ఒక్కో తరగతికి 150 రూపాయలు, దాని పరీక్షకి 50. డ్రైవింగ్ టెస్టుకి ఒక్కో తరగతికి 300, లైసెన్స్ ఇవ్వడానికి 200. రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు వీటికి అదనం, మొత్తం ఎంతో కట్టేముందు స్క్రీన్ మీదే కనిపిస్తుంది. రసీదు ప్రింటు తీసుకోండి. ఆ రోజు కౌంటర్ దగ్గర చేతికి ఇవ్వాల్సిన డబ్బంటూ ఏమీ లేదు. జిరాక్స్‌లకీ ఆటోకీ చిల్లర ఉంటే చాలు.

ఏజెంటుకి మీరు ఇచ్చేది ఈ ఫారాలు నింపినందుకే. అవి మీరు రాత్రి కూర్చుని నింపుకోగలరు. పైగా వాళ్ల ఫోను నంబరు దరఖాస్తులో పెట్టేస్తారు, తర్వాత మీకు ఏ మెసేజీ రాదు, పోస్టులో కార్డు ఎక్కడిదాకా వచ్చిందో కూడా తెలియదు. టెస్టు లేకుండా పాస్ చేయిస్తానన్నవాడి మాట అస్సలు వినొద్దు. నేను నేర్పినవాళ్లలో భయపడుతూ వచ్చి, తమంతట తామే ఎనిమిది తిప్పి పాసైన ఆడవాళ్లు రేపు పిల్లల్ని స్కూల్లో దింపేటప్పుడు ఆ ధైర్యంతోనే నడుపుతారు. అది మీ అమ్మగారికి దక్కాలి.

టెస్టు పాసయ్యాక కార్డు పోస్టులో వచ్చేదాకా ఫోనులో చూపించుకోవచ్చు. డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో కనిపించే లైసెన్స్ రోడ్డు మీద చెల్లుతుందని 2018లోనే నియమాల్లో చేర్చారు. కార్డు చేతికి వచ్చాక గడువు తేదీ చూసి ఫోనులో గుర్తు పెట్టుకోండి. మీ వయసులో తీసుకుంటే 40 ఏళ్లు నిండేదాకా చెల్లుతుంది. అమ్మగారికి పదేళ్లు. గడువు ముగిశాక ఏడాది దాటిపోతే రెన్యువల్‌కి మళ్లీ డ్రైవింగ్ టెస్టు పెడతారు.

మీ ప్రశ్నలో అమ్మగారి ఆధార్‌లో పూర్తి పుట్టిన తేదీ ఉందో, సంవత్సరం ఒక్కటే ఉందో రాయలేదు. ఆవిడ దగ్గర పదో తరగతి మెమో ఉందో లేదో కూడా చెప్పలేదు. ఆ రెండూ చూసి చెప్పండి. మెమో లేకపోతే ముందు వయసు రుజువు సంపాదించాలి, అది చేతికొచ్చేదాకా ఆవిడ స్లాట్ బుక్ చేయొద్దు. మీది మాత్రం ఆగక్కర్లేదు, రేపే బుక్ చేసుకోండి.